అద్దం మీది సున్నపు చుక్క

విద్యుత్ కారు ముందు అద్దాన్ని కడగడానికి తొట్టిలో ఏ నీళ్ళు పోయాలి? ప్రశ్న చిన్నది. మెకానిక్కును అడిగితే ఒక్క మాటలో తేలిపోయేదిగా కనిపిస్తుంది. తెలుగు పాఠాలు చెప్పుకొని విశ్రాంతి పుచ్చుకున్న నావంటివాడికి దీనితో పనేమిటని కూడా చదువరులకు అనిపించవచ్చు. అయితే కర్నూలు, కడప సీమలలో ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అది కారు దగ్గర ఆగదు. నాపరాతి పొరల్లోకి, బేలం బిలంలోకి, పోరుమామిళ్ళ చెరువు శాసనంలోకి మనల్ని తీసుకుపోతుంది. ఆ దారిలో నాకు తారసపడిన సంగతులను ఒకచోట చేర్చడమే ఈ వ్యాసోద్దేశం.

సంగతి చిన్నదే అయినా ఫలితం చిన్నది కాదు. కడప నుంచి మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలుకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద వేసవి సాయంకాలం ప్రయాణం చేసినవారికి ఇది అనుభవైకవేద్యం. పొద్దు ఏటవాలుగా ముఖాన కొడుతూ ఉంటుంది. దుమ్ము పట్టిన అద్దం మీద బోరునీళ్ళు చిమ్మి వైపర్ తిప్పితే మొదట తేటపడుతుంది. రెండు నిమిషాలు గడిచేసరికి నీటి చుక్క ఆరిన ప్రతిచోటా ఒక తెల్లని మచ్చ మిగులుతుంది. ఎదురుగా వచ్చే లారీ దీపాల వెలుగు ఆ మచ్చల మీద పడి చెదిరిపోతుంది. ఆ చెదిరిన వెలుగులో, రోడ్డు దాటుతున్న గొర్రెల మంద గాని, దాని వెనుక నడిచే మనిషి గాని ఒక్క క్షణం కంటికి ఆనరు. ప్రమాదానికి ఒక్క క్షణమే చాలు.

యజమాని చేతికి మిగిలిన ఒకే ఒక్క తొట్టి

పెట్రోలు కారు యజమానికి ముందు మూత ఎత్తగానే పనులు చాలా ఉండేవి. ఇంజను నూనె కొలత చూడాలి, రేడియేటరు చూడాలి, బ్యాటరీ చూడాలి. విద్యుత్ కారులో ఇంజనే లేదు కనుక దాని నూనె లేదు. బ్రేకు ద్రవం, చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం ఉన్నా, అవి వర్క్‌షాపువారి అధీనం. యజమాని తన చేతులతో మూత తీసి పోయవలసింది, జనం వైపర్ నీళ్ళు అని పిలుచుకునే ఈ కడుగునీళ్ళు మాత్రమే.

ఇక్కడ చరిత్రలో ఒక చిన్న విశేషం ఉంది. 2001లో బెంగుళూరులో రేవా అనే విద్యుత్ కారు అమ్మకానికి వచ్చింది. అందులోవి సీసపు బ్యాటరీలు. వాటికి అప్పుడప్పుడు స్వేదనజలం పోస్తూ ఉండవలసి వచ్చేది. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ వంటి కార్లలో కారును నడిపించేవి మూసి ముద్ర వేసిన లిథియం బ్యాటరీలు. వాటిలో నీళ్ళు పోసే పని లేదు. అంటే ఒకప్పుడు కారును నడిపించడానికి కావలసి వచ్చిన స్వేదనజలం ఇప్పుడు కారు అద్దాన్ని కడగడానికి అక్కరకు వస్తున్నది. వాహనం మారింది, తొట్టి మారింది, నీరు మాత్రం అదే.

స్వేదనం అనే మాట గురించి ఒక మాట. స్వేదం అంటే చెమట. మన రసశాస్త్రంలో పాదరసానికి చేసే అష్ట సంస్కారాలలో మొదటిది స్వేదనం. అక్కడ దానికి ఆవిరి పట్టించడమని అర్థం. ఆవిరిని చల్లార్చి మరో పాత్రలోకి దింపే క్రియకు వారు పాతనం అన్నారు. ఆధునిక పాఠ్యపుస్తకాలు మొదటి మాటను తీసుకొని రెండవ క్రియకు పెట్టాయి. పేరు ఎలా కుదిరినా గుణం ఒకటే: ఆవిరి పైకి పోయేటప్పుడు లవణాలు అడుగుననే ఉండిపోతాయి.

ఇక బజారులో కొన్ని సీసాల మీద విద్యుత్ వాహనాలకు ప్రత్యేకం అని రాసి ఉంటుంది. ఈ విశేషణానికి రసాయన శాస్త్రంలో ఆధారం కనిపించదు. కడుగునీళ్ళ తొట్టికీ బ్యాటరీకీ సంబంధం లేదు. అద్దం అదే గాజు, వైపర్ పట్టీ అదే రబ్బరు. మనుస్మృతిలో ఒక చక్కని దృష్టాంతం ఉంది: చిల్లచెట్టు కాయకు నీటిని తేటపరిచే గుణం ఉన్నా, దాని పేరు ఉచ్చరించినంత మాత్రాన నీరు తేటపడదట. సీసా మీది పేరుకూ ఈ న్యాయమే వర్తిస్తుంది.

చలిదేశపు సీసా

అద్దం తుడిచే పరికరం పుట్టినదే చలిదేశపు అవసరం నుంచి. అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ ఆండర్సన్ అనే మహిళ ఒక శీతకాలంలో న్యూయార్కు నగరానికి వెళ్ళింది. మంచు పడుతూ ఉంటే ట్రాము నడిపేవాడు ఎదురు కనిపించక ఇబ్బంది పడటం చూసింది. లోపలి నుంచే చేతితో తిప్పే తుడుపుకర్రను ఊహించి, 1903 నవంబరు 10న దానికి పేటెంటు పొందింది. దానివల్ల ఆమెకు ధనలాభం కలగలేదు గాని ఆ ఊహ మాత్రం లోకమంతా పాకింది. తరువాతి దశాబ్దాలలో తుడుపుకు తోడుగా నీళ్ళు చిమ్మే గొట్టం కూడా వచ్చింది.

నీళ్ళు వచ్చాక చలిదేశాలలో మరొక చిక్కు వచ్చిపడింది. శీతకాలంలో తొట్టిలోని నీరు గడ్డకట్టింది. గడ్డకట్టకుండా ఉండటానికి నీటిలో మద్యసారం కలిపారు. చవకగా దొరికేది మిథనాలు కనుక ఆ సీసాలలో అనేకం మిథనాలుతోనే తయారయ్యాయి. నీలి రంగు కలిపి అమ్మే ఆ ద్రవం మనకు సినిమాలలో, విదేశాలలో ఉన్న పిల్లల ఇళ్ళలో కనిపిస్తుంది.

మిథనాలు విషం. కొద్దిపాటి కడుపులోకి పోయినా చూపు పోతుంది. మోతాదు పెరిగితే ప్రాణమే పోతుంది. ఐరోపా సంఘం 2018లో ఒక నిబంధన చేసి, సామాన్య ప్రజలకు అమ్మే అద్దం కడుగు ద్రవాలలో మిథనాలు బరువులో 0.6 శాతానికి మించకూడదని 2019 మే నుంచి అమలు చేసింది. నీరు గడ్డకట్టే దేశాలే దానిని వద్దనుకుంటూ ఉండగా, నీరు గడ్డకట్టడమంటే ఫ్రిజ్జులో తప్ప ఎరుగని మన కర్నూలులో అది ఎందుకు? పైగా మిథనాలు 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, తేలికగా అంటుకుంటుంది. రోహిణి కార్తె ఎండలో నిలబెట్టిన కారు లోపల దాని సీసా ఉంచడం వివేకం కాదు. ఇళ్ళలో చిన్నపిల్లలు ఉన్నవారు మరీ జాగ్రత్త పడాలి. రంగునీళ్ళు చూస్తే పిల్లలకు పానకం గుర్తుకు వస్తుంది.

కనుక చలిదేశపు సీసా మన ప్రశ్నకు జవాబు కాదు. వారి శత్రువు మంచు. మన శత్రువులు రెండు: దుమ్ము, సున్నం.

నాపరాతి నేల

కర్నూలు, కడప సీమల నేలను భూగర్భ శాస్త్రవేత్తలు లోకప్రసిద్ధం చేశారు. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ రెండు ప్రాంతాల శిలల మీద ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. నేటికీ ఈ శిలలకు మన ఊళ్ళ పేర్లే వాడుకలో ఉన్నాయి. బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అని వరుసగా చెబితే బస్సు కండక్టరు పిలుపులా ఉంటుంది గాని, అవన్నీ కర్నూలు శిలావర్గంలోని పొరల పేర్లు. వాటిలో నార్జి, కోయిలకుంట్ల పొరలు సున్నపురాయి. మన ఇళ్ళలో పరుచుకునే బేతంచర్ల బండలు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, అన్నీ ఈ సున్నపురాతి చలవే. పల్నాటి మీద శ్రీనాథుడు చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న చాటువులో నాగులేటి నీళ్ళనూ నాపరాళ్ళనూ పక్కపక్కన చేర్చడం చాలామందికి తెలిసినదే. పల్నాటి నాపరాయి కూడా ఈ శిలావర్గానికి చెందినదే. నీటినీ రాతినీ ఒక్క ఊపిరిలో తలచుకున్న ఆ కవి చూపు ఎంత సూటిగా ఉందో ఇప్పుడు తెలుస్తుంది.

వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని నేలలోకి దిగుతుంది. ఆ పలుచని ఆమ్లం సున్నపురాతిని మెల్లగా కరిగిస్తుంది. అలా కరిగిన సున్నాన్ని మోసుకొని వచ్చే నీరే మన బోర్లలోనిది. బడి పుస్తకాలలో దీనికి కఠినజలం అని పేరు. ఈ నీరు ఆరిపోయినప్పుడు వాయువు గాలిలో కలిసిపోతుంది, సున్నపురాయి తిరిగి రాయిగా మిగిలిపోతుంది.

ఈ క్రియ ఎంత పెద్దఎత్తున జరిగిందో చూడాలంటే బేలం గుహలకు వెళ్ళాలి. కొలిమిగుండ్ల మండలంలో, 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండి ఇప్పుడు నంద్యాల జిల్లాకు చెందిన ఈ బిలాన్ని, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించాడు. 1982, 83 సంవత్సరాలలో డేనియల్ గెబౌవర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. 3229 మీటర్ల పొడవు తేలింది. బిలం అనే సంస్కృత పదమే బేలం అయిందంటారు. అక్కడ నీరు రాతిని తొలిచి దారులు చేసింది, అదే నీరు పైకప్పు నుంచి బొట్టు బొట్టుగా కారుతూ సున్నపు ఊడలు దింపింది. దానికి వేలాది సంవత్సరాలు పట్టింది. మన కారు అద్దం మీద బోరునీటి చుక్క ఆరడానికి రెండు నిమిషాలు పడుతుంది. కాలపరిమాణం వేరు, రసాయనం ఒకటే. అద్దం మీది ప్రతి తెల్ల మచ్చా ఒక చిటికెడు బేలం.

ఎంత సున్నమో లెక్క కట్టవచ్చు. భారత ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం. వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 దాకా సహించవచ్చు. ఆ 600 కాఠిన్యం ఉన్న నీటిని మూడు లీటర్ల తొట్టిలో పోస్తే 1800 మిల్లీగ్రాములు, అంటే సుమారు రెండు గ్రాముల సున్నపురాయి కంటికి కనబడకుండా తొట్టిలో చేరినట్టు. తాంబూలం వేసుకునే పెద్దలకు ఆ పరిమాణం ఎంతో నేను చెప్పనక్కరలేదు. అదంతా అద్దం మీదా, నీళ్ళు చిమ్మే సన్నని రంధ్రాలలోనూ చేరుతుంది. కొన్నాళ్ళకు రంధ్రం పూడి నీళ్ళు రావు.

పోరుమామిళ్ళ శాసనం చెప్పిన పరీక్ష

నీటిని పరిమాణంతో పాటు గుణంతోనూ కొలవాలన్న ఎరుక మన సీమకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజసాగరమనే చెరువు కట్టించిన సందర్భంలోనిది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరాలు పనిచేసిన వైనం అందులో ఉంది. అంతకంటె విశేషం, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను శాసనకర్త వరుసగా పేర్కొనడం.

ఆ అంగాలలో జలశాస్త్రం తెలిసినవాడు ఒకటి. మధురజలాన్ని తెచ్చే నది ఒకటి. దోషాలలో ఊషరభూమి, అంటే చౌటినేల ఒకటి. నీళ్ళు ఉంటే చాలునని ఆ శాసనం అనలేదు. ఏ నేల మీద నిలిచిన నీళ్ళు, ఏ రుచి గల నీళ్ళు అని అడిగింది. ఆరున్నర శతాబ్దాల కిందట చెరువుకు పెట్టిన ఆ పరీక్షనే మనం ఈనాడు మూడు లీటర్ల తొట్టికి పెట్టవలసి ఉంది.

దీని పక్కన కర్నూలు కడప కాలువ కథను నిలిపి చూడండి. ఆర్థర్ కాటన్ ఆలోచనల మీద, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ, పెట్టుబడి మీద నూటికి ఐదు వడ్డీ ప్రభుత్వ హామీతో, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి 1863 నుంచి 1870 దాకా ఈ కాలువ తవ్వించింది. పంటకూ పడవకూ రెండింటికీ పనికి వస్తుందని వారి ఆశ. రాబడి అనుకున్నట్టు రాలేదు. నల్లరేగడి రైతులు కాలువనీటికి వెంటనే ఎగబడలేదు. 1876లో ధాత కరువు వచ్చి సీమను పీల్చి పిప్పి చేసింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. 1933లో పడవలు ఆగిపోయాయి. నేటి రహదారి చాలా మేర ఆ కాలువ వెళ్ళిన ఊళ్ళ మీదుగానే పోతుంది. పడవ పోయిన చోట విద్యుత్ కారు పోతూ ఉంది.

పడమటి కనుమల వానతో నిండే తుంగభద్ర నీరు, నాపరాతి పొరల్లో ఏళ్ళ తరబడి నానిన బోరునీటి కంటె సాధారణంగా మెత్తన. అందుకే కాలువ వెంబడి ఊళ్ళలో పప్పు ఉడికిన చోటే, బోరునీళ్ళ ఊళ్ళలో పప్పు ఉడకక ఇల్లాండ్రు విసుక్కుంటారు. వంటింటి పప్పే మొదటి ప్రయోగశాల. ఏ నీటిలో కందిపప్పు ఉడకదో, ఏ నీటిలో సబ్బు నురగ రాదో, ఏ నీరు కాచిన కాగు అడుగున తెల్లని పెచ్చు కడుతుందో, ఆ నీరు అద్దం తొట్టికి పనికిరాదు.

చిల్లగింజ, చౌడు

మన పెద్దలకు నీటిని బాగుచేసే ఉపాయాలు తెలుసు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో, కలుషమైన, ఉప్పగా చేదుగా ఉన్న బావినీటిని బాగుచేయడానికి తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఉసిరిక మొదలైన వాటితో చిల్లగింజను కలిపిన చూర్ణం చెప్పాడు. ఏటి బురదనీటి కడవ లోపల చిల్లగింజ అరగదీసే అలవాటు మొన్నటిదాకా పల్లెలలో ఉండేది. ఆ గింజలోని జిగురు పదార్థం మట్టి రేణువులను ఒకచోట చేర్చి అడుగుకు దింపుతుంది.

అయితే ఇక్కడ ఒక భేదం గ్రహించాలి. చిల్లగింజ తేలే మట్టిని దింపుతుంది గాని కరిగిన సున్నాన్ని దింపజాలదు. నీటికి తేట వేరు, మెత్తదనం వేరు. అద్దంలా మెరిసే బోరునీరు అద్దాన్నే పాడుచేయగలగడానికి కారణం ఇదే. కంటికి తేటగా ఉంది కదా అని నమ్మడానికి వీలులేదు.

కరిగిన సున్నాన్ని దింపే విద్య మన రజకులకు తెలుసు. వారు బట్టలకు చౌడు పట్టించేవారు. చౌటిమట్టిలో సోడా లవణం ఉంటుంది. అది నీటిలోని సున్నాన్ని పట్టి అడుగుకు దింపి, మురికిని కూడా వదిలిస్తుంది. పోరుమామిళ్ళ శాసనం దోషమన్న చౌడే చాకిరేవులో గుణమైంది. 1841లో అబర్డీన్ ఆచార్యుడు థామస్ క్లార్క్ నీటిలో తగు పాళ్ళలో సున్నపుతేట కలిపి, నీటిలోని సున్నాన్ని దింపే పద్ధతికి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. ముల్లును ముల్లుతో తీసే న్యాయం.

మరి చౌడు గాని, బట్టల సోడా గాని తొట్టిలో కలపవచ్చునా అంటే, కూడదు. దిగిన సున్నం తొట్టి అడుగునే ఉండి గొట్టాలలో చేరుతుంది. సబ్బునీళ్ళు, తల అంటుకునే షాంపూ, గిన్నెలు తోమే ద్రవం కలిపేవారు ఉన్నారు. కఠినజలంలో సబ్బు కలిస్తే తెల్లని తరకలు కడతాయి, అద్దం మీద జిడ్డుపొర మిగులుతుంది. షాంపూ నురగ చూడటానికి ముచ్చటగా ఉన్నా, ఎండలో ఆరినప్పుడు దాని పొర కూడా వెలుగును చెదరగొడుతుంది.

నిలవనీటి దోషం

అయితే ఒట్టి స్వేదనజలం పోస్తే సరిపోతుందా? సున్నపు చుక్క వరకు సరిపోతుంది. ఇంకొక దోషం మిగిలి ఉంది.

1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక హోటలులో మాజీ సైనికుల సమావేశం జరిగింది. వచ్చినవారిలో చాలామందికి అంతుపట్టని న్యుమోనియా సోకి పదులకొద్దీ మరణించారు. ఆరు నెలల తరువాత, 1977 జనవరిలో, జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఆ సంఘం పేరు మీదనే దానికి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. గోరువెచ్చని నిలవనీరు దీనికి పుట్టిల్లు. ఆ నీరు సన్నని తుంపరగా మారి ఊపిరిలోకి పోతే రోగం వస్తుంది.

2010లో బ్రిటన్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. కారు అద్దం తొట్టిలో కడుగు ద్రవం కలపకుండా ఒట్టి నీళ్ళు పోసుకునే చోదకులలో ఈ రోగం ఎక్కువగా కనిపించింది. 2014లో అమెరికాలో మన సీమలాగే ఎండలు మండే అరిజోనాలో బడి బస్సుల తొట్లను పరీక్షించగా, నాలుగింట మూడు వంతుల నమూనాలలో ఆ జీవి కనిపించింది. ఆ బస్సుల వల్ల ఎవరికైనా రోగం వచ్చిందని ఆ పరిశోధన చెప్పలేదు. కొన్ని రకాల కడుగు ద్రవాలలో కూడా ఆ జీవి నెలల తరబడి బతకగలిగిందని మాత్రం చెప్పింది. నీళ్ళు చిమ్మినప్పుడు తుంపర గాలిలోకి లేచి, ఆ గాలి కారులోకి రావడం అందరూ ఎరిగినదే. కర్నూలు ఎండలో బానెట్ కింద తొట్టి ఎంత వెచ్చగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కనుక నీటికి మెత్తదనం ఒక్కటే చాలదు, అది కదులుతూ ఉండాలి. పెద్దలు పారే ఏటికి ఇచ్చిన గౌరవం నిలిచిన మడుగుకు ఇవ్వకపోవడంలో అర్థం ఉంది.

ఇంతకూ ఏది పోయాలి

ఈ విచారణ నుంచి తేలినదాన్ని సంగ్రహంగా చెబుతాను. తొట్టిలో స్వేదనజలం గాని, లవణాలు తీసిన నీరు గాని పోయాలి. పెట్రోలు బంకులలోను, బ్యాటరీ దుకాణాలలోను బ్యాటరీ నీళ్ళ పేరుతో దొరుకుతుంది. అదే దుకాణంలో బ్యాటరీ ఆమ్లం కూడా ఉంటుంది కనుక పేరు చదివి తీసుకోవాలి. అందులో మిథనాలు లేని కడుగు ద్రవాన్ని సీసా మీద రాసిన పాళ్ళలో కలపాలి. ఎక్కువ కలిపితే ఎక్కువ తేట అనుకోవడం పొరపాటు, జిడ్డు మిగులుతుంది. తొట్టిని నెలల తరబడి కదల్చకుండా ఉంచకూడదు. అప్పుడప్పుడు చిమ్మి ఖాళీ చేసి కొత్తది నింపాలి.

స్వేదనజలం దొరకనప్పుడు శుద్ధి యంత్రం నుంచి వచ్చిన తాగే నీరు బోరునీటి కంటె మేలు. ఆ యంత్రం వెళ్ళగొట్టే నీటిని మాత్రం పోయరాదు. తీసేసిన లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి. శుభ్రమైన డాబా మీద పట్టి వడగట్టిన వాననీరు అన్నింటికంటె మెత్తనిది. ఏసీ యంత్రం నుంచి కారే నీరు కూడా మెత్తనిదే గాని అందులో దుమ్ము, సూక్ష్మజీవులు చేరి ఉంటాయి. వడగట్టి, కడుగు ద్రవం కలిపి వెంటనే వాడుకోవాలి.

ఇప్పటికే కట్టిన మచ్చలకు పులుపే మందు. చింతపండుతో చెంబు తోమినప్పటి సూత్రమే. నిమ్మరసంలోనో, వినెగర్‌లోనో తడిపిన మెత్తని గుడ్డను మచ్చ మీద కొద్దిసేపు ఉంచి, తుడిచి, మంచినీటితో కడిగేయాలి. పులుపు తొట్టిలో పోయరాదు.

దుమ్ము విషయంలో ఒక హెచ్చరిక. మన ఎర్రమట్టి ధూళిలో ఉండే ఇసుక రేణువు గాజు కంటె గట్టిది. పొడి అద్దం మీద వైపర్ తిప్పితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ముందు నీళ్ళు, తరువాత తుడుపు. ఎండలో కాలిన అద్దం మీద చిమ్మిన నీరు తుడిచే లోపలే ఆరిపోతుంది కనుక బయలుదేరే ముందు నీడలోనే ఒకసారి శుభ్రం చేసుకోవడం మంచిది.

విద్యుత్ కారుకు మాత్రమే సంబంధించిన జాగ్రత్తలు రెండు ఉన్నాయి. ఒకటి, బానెట్ కింద కడుగునీళ్ళ మూతకు దగ్గరలోనే బ్యాటరీని చల్లబరిచే ద్రవం మూత ఉండవచ్చు. కొన్ని కార్లలో అది విద్యుత్తును అంతగా ప్రసరింపజేయని ప్రత్యేక ద్రవం. ఒకదానిలో పోయవలసినది మరొకదానిలో పోస్తే నష్టం లక్షల్లో ఉంటుంది. మూత మీద అద్దం, నీటిచిమ్ము బొమ్మ చూసుకొని పోయాలి. నారింజ రంగు తీగలు అధిక విద్యుత్తువి కనుక వాటి జోలికి పోరాదు. రెండు, ఇటీవలి కార్లలో అద్దం వెనుక కెమెరా ఉండి దారిని చూస్తూ ఉంటుంది. మనిషి మచ్చను పక్కకు తొలగి చూస్తాడు, యంత్రం తొలగలేదు.

గాజు పొలాలు

కర్నూలు నుంచి నంద్యాల వైపు పోతూ ఉంటే, ఓర్వకల్లు మండలం శకునాల, గడివేముల మండలం గని గ్రామాల దగ్గర, 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. సుమారు ఆరువేల ఎకరాలలో లక్షలాది పలకలు. మన కార్లు తాగే విద్యుత్తులో కొంత ఇటువంటి చోట్ల నుంచి వచ్చేదే. ఆ పలకల పైభాగం కూడా గాజే. వాటి మీదా మన దుమ్మే పడుతుంది. దుమ్ము పడితే వెలుగు తగ్గుతుంది, వెలుగు తగ్గితే విద్యుత్తు తగ్గుతుంది. వాటిని సున్నపునీటితో కడిగితే అదే తెల్లని మచ్చ. కారు అద్దానికి మూడు లీటర్లతో తీరే ప్రశ్న అక్కడ చెరువుల కొలతలో ఎదురవుతుంది. పలకలను నీళ్ళు లేకుండా కుంచెలతో తుడిచే యంత్రాలు లోకంలో పుట్టుకొచ్చినది అందుకే.

ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ మనది. ఇంటి ముందు గొట్టం పెట్టి కారునంతా కడిగేవారు వందల లీటర్ల బోరునీళ్ళు పారబోసి, చివరికి అద్దం మీద సున్నం మిగుల్చుకుంటున్నారు. తొట్టిలో మూడు లీటర్ల మెత్తని నీరు, చేతిలో ఒక తడిగుడ్డ ఉంటే ఆ పని చక్కగా నెరవేరుతుంది. నీటి గుణం ఎరిగినవాడికి నీటి పరిమాణం కూడా తక్కువే పడుతుంది. పోరుమామిళ్ళ చెరువుకు మధురజలం కోరిన ఆనాటి పెద్దలు ఈ మాటను కాదనరని నా నమ్మకం.

మీ మీ ఊళ్ళ బావినీళ్ళ, బుగ్గనీళ్ళ గుణాలు ఎరిగిన పెద్దలు ఆ వివరాలు తెలియజేస్తే సంతోషిస్తాను. అవి కూడా రాసి పెట్టవలసిన చరిత్రే.

స్వస్తి.